గీత మీద తొమ్మిదో నంబరు

9 ఆగస్టు 1959, ఆదివారం

మబ్బు. గాలి ఉంది, చినుకు లేదు. పొద్దున బాల్ నాడా విప్పి, బ్లాడర్‌కు రెండు చోట్ల ప్యాచీ వేసి, తోలుకు ఆముదం పట్టించాను. నీడలోనే ఆరబెట్టాను.

సాయంత్రం గ్రౌండ్‌కు పదమూడు మంది వచ్చారు. రామచంద్రం సారు హైదరాబాద్‌లో పదిహేను రోజుల కోచింగ్ క్యాంపు చూసుకొని నిన్ననే దిగాడు. హైస్కూల్లో డ్రిల్ మాస్టరు. మా పాలమూరు టౌన్ టీంను మూడేళ్లుగా ఆయనే చూస్తున్నాడు. ఎన్నడూ లేనిది ఈసారి చాక్‌పీసు తెచ్చి స్కూలు గోడ మీద గీతలు గీశాడు.

"గిప్పట్నుంచి సెంటర్ ఫార్వర్డ్ గోల్ ముందట గుంజ లెక్క నిలవడొద్దు. ఎనకకు రావాలె. బాల్ అందుకోవాలె. పక్కోనికి ఇచ్చి, జాగా చూస్కొని ఉరకాలె."

లింగయ్య నవ్వాడు. కుడి గీత పొంటి ఉరికి బాల్ లేపేది వాడే. వాడు లేపడం, నేను తల పెట్టడం.

"మరి నేను లేపితే తల ఎవడు పెడ్తడు సారూ?"

"లేపొద్దు. నేల మీద ఇయ్యి."

"పదేండ్ల సంది లేపుతున్న."

"గందుకే ఊరూరికీ తెలిసిపోయింది."

ఇంగ్లీషువాళ్లు కూడా ఇట్లా ఆడుతున్నారా అని అడిగాను. నేను మాట్లాడేసరికి అందరూ నా వైపు చూశారు.

"ఇంగ్లీషోళ్లనా? ఆరేండ్ల కింద వాళ్ల లండన్లనే, వాళ్ల గ్రౌండ్ల, హంగరీ వాళ్లు ఆరు గోల్స్ కొట్టి పోయిండ్రు కాటమన్నా. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ ఎనకకు వచ్చి ఆడిండు. ఇంగ్లీషోళ్ల స్టాపర్‌కు, గదే గోల్ ముందట కాసేటోనికి, పోవాల్నో ఉండాల్నో తెల్వలే. నడుమ నిలవడి చూసిండు."

నన్ను వెనక్కి వచ్చి ఆడి చూడమన్నాడు. నాలుగుసార్లు బాల్ వచ్చింది. నాలుగుసార్లూ పోగొట్టాను. నేల తడిగా ఉంది. తరవాత ఐలేశంను పెట్టాడు. ఐలేశం పోస్టాఫీసులో తంతి కాగితాలు పంచుతాడు, బక్కమనిషి. గాలికి పడిపోతాడు.

10 ఆగస్టు, సోమవారం

ఉక్క. మిల్లు గోదాంలో పల్లికాయ బస్తాలు తిప్పించాను, కిందివి పైకి. నాకు ఏమీ అనిపించలేదు.

13 ఆగస్టు, గురువారం

సన్న జల్లు. గోదాం పైరేకులకు తారు పూయించాను.

యుద్ధం రోజుల్లో సికింద్రాబాద్ లష్కర్‌లో గోరా పటాలం చాకిరేవులో పనిచేశాను. పందొమ్మిదేళ్లు అప్పుడు. చదువు కూడా అక్కడే వచ్చింది, బట్టల నంబర్లు, పేర్లు తెలుగులో చిట్టా రాసి రాసి. ఒక సార్జెంటు ఉండేవాడు. మెడ ఎద్దు మెడ. మనిషి తక్కువైతే నన్ను టీంలో కలుపుకునేవాడు. తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ముందు తన భుజం కొట్టుకొని చూపించేవాడు, తరవాత నుదురు, తరవాత గోల్. అంతే. వెనక్కి చూపించింది ఎన్నడూ లేదు.

ఈ పుస్తకం చివరి కాగితాల్లో నా లెక్క ఉంది. ఏ ఊరు, ఏ తారీఖు, ఏ పక్క నుంచి వచ్చింది. తలతో కొట్టిన గోల్స్ 61. ఈ రెండేళ్లలో పెరగలేదు. లింగయ్య మునుపటిలా లేపడం లేదు. ఆ మాట వాడితో అనలేదు.

16 ఆగస్టు, ఆదివారం

ఎండ కాసింది. బూట్లకు మేకులు కొట్టించాను.

ఈ ఏడు చొక్కాలకు నంబర్లు వచ్చాయి. దర్జీ గోపయ్య తెల్లబట్ట కత్తిరించి కుట్టాడు. తొమ్మిది సెంటర్ ఫార్వర్డ్‌ది. ఐలేశంకు ఇచ్చారు. నాకు పన్నెండు, అంటే బయట కూర్చునే వాళ్లది.

సాయంత్రం మాలో మేము రెండు జట్లుగా ఆడితే ఐలేశం వైపు అయిదు గోల్స్ చేసింది. వాడు ఒక్కటీ కొట్టలేదు, అయిదూ కొట్టించాడు. పాస్‌లు ముచ్చటగా ఉన్నాయి. అంతకన్నా రాయను.

19 ఆగస్టు, బుధవారం

మబ్బు. కాంటా రాళ్లు తుడిచాను.

రామచంద్రం సారు గోదాంకు వచ్చాడు. చేతిలో మడతపెట్టిన చొక్కా. తొమ్మిది.

"ఆదివారం నల్లగొండల కప్పు ఫైనల్. నువ్వు తొడుగు కాటమన్నా."

"ఐలేశం?"

"వాడు పది తొడుగుతడు. నల్లగొండ స్టాపర్ కురుమయ్య ఉన్నడు గదా, వానికి నువ్వే కావాలె."

ఇంతసేపు మబ్బుగా ఉంది, సాయంత్రానికి తెరిపి ఇచ్చింది. సారు బుద్ధిమంతుడు. కొత్తది నేర్చుకొని వచ్చినా పాతదాని విలువ తెలిసిన మనిషి.

20 ఆగస్టు, గురువారం

చొక్కా తొడిగి చూసుకున్నాను. భుజాల దగ్గర కొంచెం బిగువు. సోమమ్మ నవ్వింది. "లగ్గం నాడు గూడ ఇంతసేపు అద్దం చూడలే నువ్వు" అంది. నాలుగు మాట్లు తొడిగానంటుంది, రెండే.

21 ఆగస్టు, శుక్రవారం

జల్లు. చొక్కా భుజాల కుట్టు వదులు చేయించాను.

సారు మళ్లీ వచ్చాడు. బస్తా మీద పల్లికాయలు పేర్చాడు. ఒకటి గోల్ ముందు పెట్టి ఇది కురుమయ్య అన్నాడు. దాని పక్కన ఒకటి, ఇది నువ్వు. తరవాత నా కాయను తీసి బస్తా అంచుకు జరిపాడు. కురుమయ్య కాయను కూడా నా వెనకే జరిపాడు. నడుమ ఖాళీ అయింది.

"గీ జాగాలకు ఐలేశం వస్తడు."

చూశాను.

"పదేండ్ల సంది కురుమయ్య నిన్ను ఇడ్వలే. నువ్వు బాయికి పోతే బాయికి వస్తడు. నువ్వు ఎడమ గీత మీద నిలవడు. గంతే."

"నాకు బాల్ ఎప్పుడిస్తరు?"

సారు కాయలు సవరించాడు.

"ఇయ్యరన్నా."

"లింగయ్య లేపడా?"

"లేపడు. చెప్పిన. నువ్వు గూడ లోపలికి రావొద్దు. వచ్చినవంటే కురుమయ్య వస్తడు, జాగా మూస్కపోతది. మాట ఇయ్యి."

ఇచ్చాను. టీం గెలవాలి. తొమ్మిది నా వీపు మీదనే ఉంటుంది. చూసేవాళ్లకు ఏం తెలుస్తుంది. సారు పోయాక ఆ కాయలు ఒలుచుకొని తిన్నాను.

22 ఆగస్టు, శనివారం

వాన. ఏమీ చేయలేదు.

24 ఆగస్టు, సోమవారం

వాన తెరిపి. బూట్లలో కాగితాలు కుక్కి ఆరబెట్టాను. నిన్న రాయలేదు, లారీ దిగేసరికి ఒళ్లు పులిసింది.

జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా పోయాము. నల్లగొండ గ్రౌండ్ చుట్టూ జనం, గొడుగులు. రెఫరీ హైదరాబాద్ నుంచి వచ్చాడు.

విజిల్ పడగానే ఎడమ గీత మీదికి పోయాను. కురుమయ్య వచ్చాడు. రోడ్ల పనిలో మేస్త్రీ వాడు. నాకన్నా ఒక ఏడు చిన్న. మోకాళ్లకు గుడ్డ చుట్టుకున్నాడు.

"ఏం కాటమన్నా, తొవ్వ తప్పినవా? గోల్ గాడుంది."

"ఎరికె."

"కాలుకేమన్న అయిందా?"

"కాలే."

"మరి గీడ ఏం జేస్తున్నవ్? నీళ్ల కుండ కాడ కావలి పెట్టిండ్రా?"

 లోపల ఐలేశం బాల్ తీసుకున్నాడు, చుట్టూ ఎవరూ లేరు. వాళ్ల కెప్టెన్ నర్సింహ అరిచాడు, "కురుమయ్యా! ఇడ్సు వాన్ని! నడుమకు రా!"

కురుమయ్య నాలుగు అడుగులు పోయాడు. వెనక్కి తిరిగి నన్ను చూశాడు. మళ్లీ వచ్చాడు.

"నేను పోతే నువ్వు ఉరుకుతవ్."

"ఉరక. పోరాదు."

"నువ్వు పొమ్మన్నవంటే అసలే పోను."

పావుగంటకు ఐలేశం గోల్ కొట్టాడు. ఎవరూ అడ్డం లేరు. నడుచుకుంటూ పోయి కొట్టినట్టు కొట్టాడు. జనం లేచారు. కురుమయ్య ఆ ఖాళీని చూశాడు, నా వీపు మీది అంకెను చూశాడు.

"ఓ. గదా సంగతి. నిన్ను గాలానికి గుచ్చిండ్రు."

"ఇప్పుడన్న పో మరి."

"పోయి? గా పోరడు అటోసారి ఇటోసారి తిప్పుతడు. వాని ఎంబడి ఉరుకుడు నాకు రాదన్నా. నీ ఎంబడి ఉండుడే వచ్చు."

తెలిసీ పోలేదు. ఇద్దరం గీత మీద నిలబడ్డాము. ఆట ముగిసేదాకా అట్లాగే నిలబడితే బాగుండేదేమో.

రెండో సగంలో వాన పెరిగింది. వాళ్లు ఒకటి కొట్టి సమం చేశారు. పది నిమిషాలు ఉంది. కుడి మూలకు లింగయ్య బాల్ తీసుకొని పోయాడు. వెనక ఐలేశం చేయి ఎత్తి అడుగుతున్నాడు. లింగయ్య తల ఎత్తాడు. ఐలేశంను చూడలేదు. ఇటు, ఈ చివరకు, నా వైపు చూశాడు.

ఉరికాను. సారు అరిచి ఉంటే వానలో వినపడలేదు. కురుమయ్య నా భుజం పక్కనే. లింగయ్య లేపాడు. ఇద్దరమూ లేచాము. బాల్ లోపల పడింది. రెండు ఒకటి. మేమే గెలిచాము.

తలతో 62. నల్లగొండ, 23 ఆగస్టు, కుడి పక్క నుంచి.

25 ఆగస్టు, మంగళవారం

ఎండ. గోదాం వాకిలి కడిగించాను. చాయ్ హోటల్లో ఎవరెవరో పిలిచి కూర్చోబెట్టారు. క్లబ్ ప్రెసిడెంటు అందరి ముందు నా నుదురు ముట్టి, "ఇది పాలమూరు గుండు" అన్నాడు. లింగయ్య గోల్ ఎట్లా పడిందో బల్ల మీద చాయ్ గ్లాసులు పెట్టి చూపించాడు. ఆ మూల నుంచి, ఆ వానలో, వాడికి ఎంత కనబడి ఉంటుంది. నేను సవరించలేదు.

సోమమ్మ అడిగింది, "ఎప్పుడు తలతోని గోల్ కొట్టినా రెండొద్దులు గుడ్డ కట్టుకొని పండేటోనివి. గీసారి నొస్తలేదా?"

నొస్తున్నది అన్నాను.

తల నొప్పిగానే ఉంది. రాసి ఉంచుతున్నాను.

27 ఆగస్టు, గురువారం

జల్లు. రామచంద్రం సారు కప్పు చాయ్ కూడా తాగకుండా నిలబడి చెప్పాడు. వచ్చే నెల ఆరో తారీఖున టీం హైదరాబాద్ టోర్నమెంటుకు పోతుంది. కాటమయ్యే సెంటర్ ఫార్వర్డ్, లింగయ్య లేపాలి, పాత ఆటే ఆడాలి అని క్లబ్ పెద్దలు తీర్మానం చేశారు. ఐలేశం బయట కూర్చుంటాడు.

"మాట తప్పినవ్ అన్నా. తప్పి గెలిచినవ్. ఓడిపోతే నేను తిట్టేటోన్ని. ఇప్పుడు నా నోరు లేస్తలేదు."

"బాల్ వచ్చింది సారూ."

"వచ్చింది. ఒక్కసారి వచ్చింది. హైదరాబాద్ల స్టాపర్లు కురుమయ్య లెక్క ఉండరు. క్యాంపుల నేర్చుకొచ్చిందంత ఒక్క గోల్‌తోని పోయింది."

పోతూ పోతూ నా కాళ్ల వైపు చూశాడు. ఎందుకు చూశాడో తెలియదు.

28 ఆగస్టు, శుక్రవారం

మబ్బు. ఐలేశం మిల్లుకు తంతి తెచ్చాడు. సైకిల్ దిగకుండానే మాట్లాడాడు.

"మంచిగయింది అన్నా. నీ జాగా నీకొచ్చింది."

"నువ్వు గూడ వస్తున్నవ్ గదా హైదరాబాద్‌కు."

"సెలవు పెట్టి పోయి బయట కూసునుడెందుకు? పెట్టలే."

కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది.

30 ఆగస్టు, ఆదివారం

ఎండ, ఉక్క. బాల్ పంపు వాషరు మార్చాను.

కురుమయ్య వచ్చాడు. నల్లగొండ నుంచి తారు పీపాల లారీ మీద. సోమమ్మ జొన్న రొట్టె పెట్టింది, రెండు తిన్నాడు. ఎడమ కనుబొమ్మ మీద బొప్పి కట్టి ఉంది. బాల్ నాడా ముడి అచ్చు, నిలువుగా. సోమమ్మ చూసి, "నీకేడ తగిలింది తమ్మీ?" అంది.

"తలుపు అక్కా."

ఆమె నీళ్లకు పోయాక రొట్టె ముక్క పక్కన పెట్టాడు.

"ఎవరికన్న చెప్పినవా?"

"ఏంది?"

"ఏందంటే నన్నడుగుతవేందన్నా. నా తలకు తగిలి మా గోల్ల పడ్డది. నాకెరికె, నీకెరికె."

నేను గోడ వైపు చూశాను.

"చెప్పకు" అన్నాడు. "మా వాళ్లందరు నీ గోల్ అనే అనుకుంటుండ్రు. కాటమయ్య కొట్టిండంటే కొట్టిండు, పదేండ్ల సంది కొడుతుండు, నన్నెవడు ఏమంటడు? సొంత గోల్ల వేసుకున్న అంటే రేపే తీసేస్తరు. జర ఒక్క ఏడు ఆడనీ. ఆ గోల్ నువ్వే ఉంచుకో."

"సరే."

పోయేముందు గడప దగ్గర ఆగాడు. ఇంకేదో అడగాలని వచ్చినట్టుంది, అప్పటిదాకా అడగలేదు.

"నువ్వెందుకు దుంకలే అన్నా?"

"దుంకిన."

"లే. నువ్వు దుంకుతవనే నేను దుంకిన. నీ భుజం ఒచ్చి తాకుతదని ముందుగాలనే ఇటు ఒరిగిన. ఎప్పుడైనా గట్లనే గదా. ఒరిగితే నువ్వు లేవు. నేనొక్కన్నే పైన ఉన్న. బాల్ సక్కగ కనబడలే. ఎందుకు దుంకలే?"

లారీ పిలిచింది. పోయాడు.

వాడు పొరబడ్డాడు. వానలో ఎవరు ఎక్కడ ఉన్నారో ఎవరికి తెలుస్తుంది.

1 సెప్టెంబరు, మంగళవారం

మబ్బు. బస్తాలు తిప్పించాను. ఎగిరాను. కుడి కాలు మోపి, చేతులు వెనక్కి వేసి ఎగిరాను. నాకు బాగా గుర్తుంది.

2 సెప్టెంబరు, బుధవారం

కుడి కాలు మోపాను. అంతవరకు నిజం.

3 సెప్టెంబరు, గురువారం

ఎండ. పొద్దున మిల్లు తెరవకముందే గోదాం వెనక జాగాకు పోయాను. గోడ మీద బొగ్గుతో గీత గీశాను, నేను ఎప్పుడూ అందుకునేంత ఎత్తులో. కుడి కాలు మోపి ఎగిరాను. జానెడు తక్కువ. మళ్లీ ఎగిరాను. నేల పొడిగా ఉంది, వాన లేదు, పక్కన ఎవరూ లేరు, తప్పు వాడిదే అనడానికి లింగయ్య కూడా లేడు.

నల్లగొండలో నేను ఎగరలేదు. కాలు మోపాను. బాల్ వస్తూ ఉంది, నాకు అందదని తెలిసింది. ఎగిరి అందుకోకపోతే జనమంతా చూస్తారు. అందుకని ఎగరలేదు. తల మాత్రం వంచాను, ఎగిరి దిగినవాడిలా. పక్కన కురుమయ్య నన్ను నమ్మి గాలిలోకి పోయాడు. ఆ గోల్ అట్లా పడింది. లెక్క 61 దగ్గర ఆగి కూడా రెండేళ్లు దాటింది. లింగయ్య ఎప్పటిలాగే లేపుతున్నాడు.

ఇది చెబితే కురుమయ్య పోతాడు. చెప్పకపోతే ఐలేశం. నడుచుకుంటూ స్కూలు దాకా పోయాను, తిరిగి వచ్చాను, మళ్లీ పోయాను. సారు పిల్లలతో డ్రిల్ చేయిస్తున్నాడు.

"సారూ, నేను హైదరాబాద్ రాను."

"పెద్దలు తీర్మానం చేసిండ్రన్నా. రానంటే ఎందుకంటరు."

"కాళ్లు లేస్తలేవు."

"నల్లగొండల లేసినయ్ గదా."

దానికి జవాబు ఎటు ఇచ్చినా ఎవరికో తగులుతుంది. గోడ దగ్గరికి పోయి ఆయన ముందే మూడుసార్లు ఎగిరాను. పిల్లలు నవ్వారు. ఒకడు నాకన్నా ఎత్తు ఎగిరి చూపించాడు, సారు వాణ్ని కసిరాడు.

పిల్లల్ని లోపలికి పంపాడు. తరవాత మెల్లగా అడిగాడు, "ఎప్పట్నుంచి?"

"రెండేండ్లయితాంది."

"లింగయ్యకు తెలుసా?"

"ఎవలకు తెల్వదు. నాకు గూడ ఇయ్యాల్నే తెలిసింది."

సారు విజిల్ జేబులో వేసుకున్నాడు. "పెద్దలకు నేను చెప్త. ఏం చెప్పాల్నో నువ్వే చెప్పు."

"ఇదే చెప్పుండ్రి. కావాల్నంటే నేను దుంకి చూపిస్త."

ప్రెసిడెంటు ఇంటి వాకిట్లో కూడా రెండుసార్లు ఎగిరాను.

6 సెప్టెంబరు, ఆదివారం

మంచు పడ్డట్టు సన్న జల్లు. పదకొండింటికి స్కూలు దగ్గర లారీ. తొమ్మిది మళ్లీ ఐలేశంకే ఇచ్చారు, వాడికి నాలుగు రోజుల సెలవు కూడా దొరికింది. నిన్న వచ్చి అడిగాడు, హైదరాబాద్ స్టాపర్లు మీద పడతారట, ఏం చేయాలన్నా అని. నోటితో చెప్పడం నాకు రాలేదు. రాసిస్తానన్నాను. ముందు ఇక్కడ రాసుకొని, తరవాత మంచి కాగితం మీద ఎత్తి ఇస్తాను. సారు పల్లికాయల్లో ఇది లేదు.

ఒకటి. స్టాపర్‌ను చూడకు. చూస్తే నువ్వు ఎటు పోతావో వాడికి తెలుస్తుంది.

రెండు. వాడు మొదటి పావుగంటలో నీ మడమ మీద తొక్కుతాడు. తొక్కనీ. రెఫరీ వైపు తిరగకు. తొక్కేవాడికి భయం ఉంటుంది.

మూడు. వాడితో మాట్లాడు. ఏ ఊరు, పిల్లలు ఎందరు, ఏదో ఒకటి. నేను పదేళ్లు మాట్లాడలేదు. మొన్ననే మాట్లాడాను.

నాలుగు. వాడు ఎక్కడున్నాడో చెవితో తెలుస్తుంది, మెడతో తెలుస్తుంది. ఊపిరి నీ మెడ మీద తగులుతున్నంతసేపు వాడు నీవాడు, నువ్వు ఎటు పోతే అటు వస్తాడు, నీ వాళ్లకు జాగా దొరుకుతుంది, బాల్ అడగకు. తగలడం ఆగిందా, అప్పుడు మటుకు వెనక్కి చూడకుండా ఉరుకు.